ట్రాజన్ స్తంభం: గెలిచినవాళ్ళ రాయి ఓడినవాళ్ళకు ఎలా దక్కింది?



మన ఊళ్ళ గురించి, మన వలసల గురించి ఇక్కడ తరచూ చెప్పుకుంటూనే ఉన్నాం. ఈసారి కాస్త దూరం వెళదాం. రోము నగరం నడిబొడ్డున 1,900 ఏళ్ళకు పైగా నిలబడి ఉన్న ఒక రాతి స్తంభం కథ ఇది. తరతరాలుగా వేరే భాషల మధ్య బతుకుతున్న మనలాంటి వాళ్ళు ఈ కథలో గమనించాల్సింది చాలా ఉందని మాకు అనిపించింది. వ్యాసం కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

ఏమిటీ స్తంభం?

రోమన్ చక్రవర్తి ట్రాజన్ క్రీ.శ. 98 నుంచి 117 దాకా పాలించాడు. డాన్యూబ్ నదికి ఉత్తరాన, ఇప్పటి రుమేనియా ప్రాంతంలో, డాసియా అనే రాజ్యం ఉండేది. ట్రాజన్ దాన్ని రెండు యుద్ధాల్లో జయించాడు. ఆ విజయానికి గుర్తుగా రోము సెనేటు, ప్రజల పేరు మీద ఈ స్తంభాన్ని క్రీ.శ. 113లో ఆవిష్కరించారు.

స్తంభం దాదాపు 30 మీటర్లు. పీఠంతో కలిపితే 35 మీటర్లు, అంటే సుమారు పదంతస్తుల మేడంత ఎత్తు. కరారా గనుల నుంచి తెచ్చిన పాలరాతి దిమ్మలను ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టారు. ఒక్కో దిమ్మ సగటున 30 టన్నుల పైమాటే. అన్నిటికంటే పైన పెట్టిన దిమ్మ బరువు 50 టన్నులు దాటుతుంది. మోకులు, కప్పీలు, మనుషుల బలంతోనే అంత బరువును అంత ఎత్తుకు ఎక్కించారు. లోపల ఆ రాతినే తొలిచి, గుండ్రంగా తిరుగుతూ పైకి వెళ్ళే 185 మెట్లు చేశారు.

బయటి వైపు అడుగు నుంచి కొస దాకా చెట్టుకు తీగ చుట్టుకున్నట్టు ఒక శిల్పాల పట్టీ 23 చుట్లు తిరుగుతుంది. విప్పి నేల మీద పరిస్తే దాదాపు 200 మీటర్లు వస్తుంది. అందులో 155 దృశ్యాలు, 2,600కు పైగా బొమ్మలు. హంపిలో హజారరామ ఆలయం గోడల మీద రామాయణాన్ని వరసగా చెక్కారు చూడండి, అలా ఇక్కడ యుద్ధకథను వరసగా చెక్కారు. ట్రాజన్ బొమ్మ ఒక్కటే దాదాపు 60 చోట్ల కనిపిస్తుంది.

పీఠం మీద లాటిన్‌లో ఒక శాసనం ఉంది. ఈ నిర్మాణాల కోసం ఎంత ఎత్తున ఉన్న కొండను తొలిచి చోటు చేశారో స్తంభం ఎత్తే చూపిస్తుందని అందులో రాశారు. ఆ అక్షరాల పొందిక చూసి ఇప్పటికీ డిజైనర్లు ముచ్చట పడతారు. 1989లో అడోబ్ సంస్థ విడుదల చేసిన 'ట్రేజన్' అనే ఫాంటుకు అవే నమూనా. ఇంగ్లీషు సినిమా పోస్టర్ల మీద ఆ అక్షరాలు మనందరం చూసినవే.

ఆ యుద్ధం ఎందుకొచ్చింది?

డాసియా రాజు డెసెబాలస్ గట్టివాడు. ట్రాజన్‌కు ముందు డొమిషియన్ చక్రవర్తి కాలంలో డాసియన్లు రోమన్ సైన్యాన్ని చావుదెబ్బ కొట్టారు. క్రీ.శ. 89లో కుదిరిన సంధి ప్రకారం రోమే డెసెబాలస్‌కు ఏటా డబ్బు, పనివాళ్ళను ఇవ్వాల్సి వచ్చింది. అంత పెద్ద సామ్రాజ్యానికి అది తలవంపు. దానికి తోడు డాసియా కొండల్లో బంగారు గనులు ఉన్నాయి. పగా, బంగారం, రెండూ కలిశాయి.

మొదటి యుద్ధం 101-102లో జరిగి సంధితో ముగిసింది. డెసెబాలస్ మళ్ళీ కోటలు కట్టుకోవడం మొదలుపెట్టాడు. ఈలోపు ట్రాజన్ కూడా ఊరుకోలేదు. డమాస్కస్‌కు చెందిన అపొల్లోడోరస్ అనే నిర్మాణ నిపుణుడి చేత డాన్యూబ్ మీద కిలోమీటరుకు పైగా పొడవున్న వంతెన కట్టించాడు. రాతి స్తంభాల మీద కర్రతో కట్టిన ఆ వంతెన శిథిలాలు ఇప్పటికీ రుమేనియా, సెర్బియా ఒడ్డుల మీద ఉన్నాయి. 105-106లో రెండో యుద్ధం వచ్చింది. రాజధాని సర్మిజెగెటూసా పడిపోయింది. రోమన్ గుర్రపు దళం చుట్టుముట్టేసరికి డెసెబాలస్ వాళ్ళకు చిక్కకుండా గొంతు కోసుకుని చనిపోయాడు. అతని తలను రోముకు పంపారు. ఆ తలను ట్రాజన్‌కు తెచ్చి ఇచ్చిన సైనికుడి సమాధి రాయి 1965లో గ్రీసులో బయటపడింది. అతని పేరు టిబేరియస్ క్లాడియస్ మాక్సిమస్.

విజయోత్సవాలు 123 రోజులు జరిగాయని చరిత్రకారుడు కాసియస్ డయో రాశాడు. వాటిలో 10,000 మంది మల్లులు కత్తులతో తలపడ్డారట, 11,000 జంతువులను చంపారట. అప్పుడు ట్రాజన్ దగ్గరికి వచ్చిన దూతల్లో భారతీయులు కూడా ఉన్నారని ఆయనే చెప్పాడు. మన దేశానికి రోముతో వ్యాపారం బాగా సాగిన కాలం అది. పుదుచ్చేరి పక్కన అరికమేడు తవ్వకాల్లో దొరికిన రోమన్ జాడీలు, కుండ పెంకులు ఆ వ్యాపారానికి సాక్ష్యాలు.

రాతి మీద ఏముంది?

యుద్ధ స్తంభం అనగానే అడుగడుగునా కత్తులు, రక్తం ఉంటాయని అనుకుంటాం. నిజానికి పోరాట దృశ్యాలు మొత్తంలో నాలుగో వంతు దాకానే ఉంటాయి. మిగతాదంతా పనే. సైనికులు చెట్లు నరుకుతుంటారు, మట్టి తవ్వి బుట్టల్లో మోస్తుంటారు, గోడలు కడుతుంటారు, పడవల్లోకి సరుకు ఎక్కిస్తుంటారు. గాయపడినవాడికి మరొకడు కట్టు కడుతుంటాడు. చక్రవర్తి గొప్పతనం చెప్పడానికే చెక్కిన రాయి అయినా, శిల్పుల ఉలి ఎక్కువసేపు గడిపింది చెమటోడ్చే మనుషుల మీదే.

ఇంకో విశేషం, ఓడిన డాసియన్లను శిల్పులు వెకిలిగా చూపలేదు. గడ్డాలు, ఉన్ని టోపీలు, పొడుగు అంగీలతో వాళ్ళ ముఖాల్లో పౌరుషం, దుఃఖం కనిపిస్తాయి. చివరి చుట్లలో చెట్టు కింద మోకాళ్ళ మీద ఉన్న డెసెబాలస్, గొంతు దగ్గర కత్తి, పైకి దూకుతున్న రోమన్ గుర్రాలు. చూస్తే గెలిచినవాడి కంటే ఓడినవాడే గుర్తుండిపోతాడు. గొప్ప శత్రువును చూపిస్తేనే గెలిచినవాడు గొప్పవాడవుతాడన్న లెక్క కూడా అందులో ఉంది. లెక్క ఏదైతేనేం, ఆ ముఖాలు మిగిలాయి. తర్వాత కథ మలుపు తిరిగింది ఆ ముఖాల వల్లే.

ఒక్క వాక్యం మిగిలిన పుస్తకం

ఈ యుద్ధం గురించి ట్రాజన్ స్వయంగా ఒక పుస్తకం రాశాడు. అది పోయింది. వెంట ఉన్న వైద్యుడు క్రిటో రాసిన పుస్తకం కూడా దాదాపు అంతా పోయింది. చక్రవర్తి పుస్తకంలో ఒకే ఒక్క చిన్న వాక్యం దక్కింది. అదీ ఎవరో వ్యాకరణ పండితుడు తన పుస్తకంలో ఉదాహరణగా వాడుకోవడం వల్ల. అందులో సంగతేమీ లేదు, ఒక చోటి నుంచి ఫలానా ఊరికి, అక్కడి నుంచి మరో ఊరికి వెళ్ళడం గురించి. కానీ ఆ వాక్యంలోని క్రియ బహువచన ఉత్తమ పురుషలో ఉంది. 'వెళ్ళాం' అన్నమాట.

ఇక్కడ మన తెలుగుకు ఒక సౌకర్యం ఉంది. లాటిన్‌లో మేము, మనం రెండింటికీ ఒకటే మాట. కన్నడంలోనూ 'నావు' ఒక్కటే. తెలుగులో, తమిళంలో రెండు వేర్వేరు. మేము అంటే వినేవాడు అందులో లేడు. మనం అంటే వినేవాడూ కలిశాడు. మరి ట్రాజన్ అన్న మాటను తెలుగులోకి తెస్తే ఏం రాయాలి? 'మేము వెళ్ళాం' అనే రాయాలి. అందులో డాసియన్లకు చోటు లేదు. స్తంభం కూడా అలా పుట్టిందే, 'మేము గెలిచాం' అని చెప్పడానికి. ఆ రాయి మెల్లమెల్లగా 'మనది' ఎలా అయిందన్నదే అసలు కథ.

ఎలా బతికింది?

ట్రాజన్ 117లో దూర ప్రాంతంలో చనిపోయాడు. అస్థికలను తెచ్చి స్తంభం పీఠంలోని గదిలో ఉంచారు. తర్వాత భార్య ప్లొటినా అస్థికలు కూడా అక్కడికే చేరాయి. పైన చక్రవర్తి కంచు విగ్రహం ఉండేది. కాలక్రమంలో అస్థికలూ పోయాయి, విగ్రహమూ పోయింది. చుట్టూ ఉన్న పెద్ద సభామండపం, రెండు గ్రంథాలయాలు కూలిపోయాయి. రోములో పాత భవనాల పాలరాయిని పీకి సున్నపు బట్టీల్లో కాల్చిన రోజులవి. అలాంటి కాలంలో ఇంత పాలరాయి చెక్కుచెదరకుండా ఎలా మిగిలింది?

రోము జనానికి అది తమ వాడలో రాయి అయింది గనుక. పీఠాన్ని ఆనుకుని ఒక చిన్న చర్చి వెలిసింది. 1162లో ఆ చర్చి, స్తంభం విషయమై రోము నగర సెనేటు ఒక తీర్పు ఇచ్చింది. లోకం ఉన్నంత కాలం ఈ స్తంభం రోము ప్రజల గౌరవం కోసం చెక్కుచెదరకుండా ఉండాలని, దాన్ని పాడుచేయబోయినవాడికి మరణశిక్ష వేసి ఆస్తి ఖజానాకు జమ చేయాలని రాశారు. గమనించండి, చక్రవర్తులు పోయి ఏడు వందల ఏళ్ళు అవుతున్నా కాపాడాలనుకున్నది ఊరి జనం. 1587లో పోప్ ఐదవ సిక్స్టస్ ఖాళీగా ఉన్న కొన మీద సెయింట్ పీటర్ కంచు విగ్రహం పెట్టించాడు. అదే ఇప్పటికీ ఉంది. కింద యుద్ధకథ, పైన రోమన్ పాలకుల చేతుల్లోనే ప్రాణం పోయిన ఒక జాలరి.

యానాం మిత్రులకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మీ ఊరిని ఫ్రెంచివాళ్ళు ఏలుతున్న రోజుల్లో వాళ్ళ రాజధానిలో ఇదే నమూనాలో మరో స్తంభం ఉండేది. నెపోలియన్ తన విజయాల గుర్తుగా పారిస్ వెండోమ్ కూడలిలో 1810లో నిలబెట్టాడు. 1871 మే 16న పారిస్ కమ్యూన్ దాన్ని పడగొట్టించింది. అది పెత్తనానికి గుర్తని వాళ్ళ వాదన. తర్వాత ప్రభుత్వం మళ్ళీ నిలబెట్టి, ఖర్చును కూర్బే అనే చిత్రకారుడి నెత్తిన వేసింది. ఆయన దేశం విడిచి స్విట్జర్లాండ్‌లో చనిపోయాడు. నమూనా ఒకటే. ఒకటి జనం కాపాడుకున్న రాయి, మరొకటి జనం కూల్చిన రాయి.

డాసియా ఏమైంది?

యుద్ధం తర్వాత ట్రాజన్ సామ్రాజ్యం నలుమూలల నుంచి జనాన్ని తెచ్చి డాసియాలో దింపాడు. సైనికులు, రైతులు, గని కార్మికులు. ఇప్పటి రోషియా మొంతానా దగ్గరి బంగారు గనుల్లో అప్పటి కూలి ఒప్పందాలు రాసిన మైనపు పలకలు కూడా దొరికాయి. 270ల్లో ఆరేలియన్ చక్రవర్తి సైన్యాన్ని, పాలనను అక్కడి నుంచి వెనక్కి తీసుకున్నాడు. రోము వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ నేల మీద రుమేనియన్ మాట్లాడతారు. అది లాటిన్ నుంచి పుట్టిన భాష. చుట్టూ స్లావ్ భాషలు, హంగేరియన్. వాటి నుంచి తీసుకున్న మాటలు బోలెడు. 'అవును' అనడానికి వాళ్ళు వాడే 'దా' కూడా స్లావ్ మాటే. అయినా అంకెలు, నీళ్ళు, ఆకాశం, ఇంట్లో వాడే మాటలు లాటినువే. శతాబ్దాల పాటు ఆ భాషను పొరుగువారి సిరిలిక్ లిపిలోనే రాసుకున్నారు. 1860ల్లో గానీ పూర్తిగా లాటిన్ లిపికి మారలేదు. తమిళ లిపిలోనో కన్నడ లిపిలోనో తెలుగు పాటలు రాసుకుని పాడే ఇళ్ళు మనలో ఎన్ని లేవు? లిపి మారినంత మాత్రాన భాష పోదని వాళ్ళను చూస్తే ధైర్యం వస్తుంది.

ట్రాన్సిల్వేనియాలో రుమేనియన్లు చాలా కాలం వేరే పాలకుల కింద, హక్కులు లేకుండా బతికారు. 1791లో వాళ్ళ పెద్దలు చక్రవర్తి రెండవ లియోపోల్డ్‌కు ఒక మహజరు పెట్టుకున్నారు. మేము ఈ నేల మీద ట్రాజన్ కాలం నుంచి ఉన్నవాళ్ళం, మమ్మల్నీ ఇక్కడి జాతుల్లో ఒకటిగా గుర్తించండని అడిగారు. కోరిక తీరలేదు. అవతలివాళ్ళు, మీరు తర్వాత నది దాటి వచ్చినవాళ్ళని వాదించారు. 'మీరెప్పుడొచ్చారు?' అన్న ప్రశ్న ఎంత దూరం వెళుతుందో, ఎంత నొప్పి పెడుతుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

నడిచి వెళ్ళిన గొర్రెల కాపరి

ఆ ట్రాన్సిల్వేనియాలోనే గియోర్గె కర్త్సాన్ అనే గొర్రెల కాపరి ఉండేవాడు. జనం 'బాద్యా కర్త్సాన్' అని పిలిచేవారు. బాద్యా అంటే మన 'అన్నా' లాంటి పిలుపు. కాస్త వయసొచ్చాక అక్షరాలు నేర్చుకున్నాడు. ఇక ఆగలేదు. కొండలకు అవతల ఉన్న రుమేనియా నుంచి తమ భాష పుస్తకాలను సంచుల్లో నింపుకుని, కాపలావాళ్ళ కళ్ళు కప్పి, కొండదారుల్లో మోసుకొచ్చి ఊరూరా పంచేవాడు. పట్టుబడ్డాడు, జైలుకు వెళ్ళాడు, మళ్ళీ మోశాడు.

1896లో ఆయన ఆరు వారాలకు పైగా నడిచి రోముకు వెళ్ళాడు, ఈ స్తంభాన్ని కళ్ళారా చూడడానికి. రాత్రికి దాని మొదట్లోనే కంబళి కప్పుకుని పడుకున్నాడు. పొద్దున్నే చూసిన రోము జనానికి ఆ ఉన్ని టోపీ, ఆ అంగీ, ఆ వాలకం ఎక్కడో చూసినట్టే అనిపించాయి. తల ఎత్తితే స్తంభం మీద అవే బట్టలు. స్తంభం మీది డాసియన్ ఒకడు కిందికి దిగి వచ్చాడని చెప్పుకున్నారట. ఆ మాట రుమేనియాలో ఇప్పటికీ కథగా చెబుతారు.

ఆలోచించండి. ఆ స్తంభం డాసియన్లను అణిచినందుకు కట్టింది. ఈ కాపరి మాట్లాడే భాష గెలిచినవాళ్ళది, ఒంటి మీద బట్టలు ఓడినవాళ్ళవి. ఆయన ఎవరి తరఫున ఏడవాలి, ఎవరి తరఫున గర్వపడాలి? ఆయనకు ఆ పేచీయే రాలేదు. అటువైపువాళ్ళూ ఇటువైపువాళ్ళూ ఇద్దరూ తన తాతలే. 'మేము' అన్న రాయిని 'మనది' చేసిన పని ఆ నడకతో పూర్తయింది. స్తంభం మీది శిల్పాలన్నిటికీ తీసిన పోతలు 1967లో బుకారెస్టు చేరి, అక్కడి జాతీయ చరిత్ర మ్యూజియంలో ఉన్నాయి. ఓడిపోయిన దేశం ఆ ఓటమి కథనే తెచ్చుకుని ఇంట్లో పెట్టుకుంది.

మన సంగతి

మన సంఘాల సావనీర్లు, ఆహ్వాన పత్రికలు, గోడ మీది శిలాఫలకాలు ఒక్కసారి తీసి చూడండి. విజయనగర సేనలతో వచ్చిన దండనాయకులు, మదురై నాయక రాజులు, జమీందార్లు, దాతల పేర్లు. తప్పులేదు, వాళ్ళూ మనవాళ్ళే. కానీ వాళ్ళ పేర్లే ఉంటే అది చక్రవర్తి ముఖం మాత్రమే చెక్కిన స్తంభం. ట్రాజన్ స్తంభమే అంత పిసినారితనం చూపలేదు, మట్టి మోసినవాళ్ళకూ చోటిచ్చింది.

షోలాపూర్ మగ్గాల మీద, మిల్లుల్లో బతుకులు అరగదీసుకున్న నేతన్నలు ఎక్కడ? కోలారు బంగారు గనుల్లోకి దిగిన చిత్తూరు కూలీలు ఎక్కడ? ముంబయి కట్టడాలకు రాళ్ళెత్తిన కామాటీల పేరు కామాటిపురా అన్న పేటకు మిగిలింది, వాళ్ళ కథ మన పుస్తకాల్లోకి ఎక్కిందా? ఒక్క అడుగు కదలకుండానే, 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు బరంపురంలో, 1953లో బళ్ళారిలో, గీత అవతల మిగిలిపోయినవాళ్ళు మాత్రం? కరవుకు వచ్చినవాళ్ళు, అప్పుకు భయపడి వచ్చినవాళ్ళు, ఇక్కడి పిల్లను చేసుకుని ఇక్కడివాళ్ళయినవాళ్ళు, వీళ్ళందరూ ఎప్పుడు ఎక్కుతారు మన రాతి మీదికి?

ఇంకో మాట. 'మీరెప్పుడొచ్చారు' అని అడిగినప్పుడల్లా ఏ రాజుతో వచ్చామో చెప్పుకోవడం మనకు అలవాటైంది. మేము ఏలినవాళ్ళం అంటే వినేవాడు ఏలబడినవాడవుతాడు, ఆ మాట అక్కడే తెగిపోతుంది. మేము ఈ చెరువు తవ్వాం, ఈ బట్ట నేశాం, ఈ గనిలో మీ తాతతో కలిసి దిగాం అంటే, అది 'మనం' అవుతుంది.

అందుకని సభ్యులకు ఒక మనవి. ఈ సంక్రాంతి లోపల ప్రతి ఇంట్లోనూ పెద్దవాళ్ళ దగ్గర ఒక గంట కూర్చోండి. మొదట ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ పని చేశారు, పక్కింటివాళ్ళు ఎవరు, ఇంట్లో మాత్రమే మిగిలిన తెలుగు మాటలు ఏవి, రాసి పెట్టండి. తెలుగు లిపి రాకపోతే వచ్చిన లిపిలోనే రాయండి. రుమేనియన్లు అలా రాసుకునే భాషను నిలబెట్టుకున్నారు. ఓడిన కథలు, అవమానపడిన కథలు దాచకండి. అవి కూడా కావాలి.

చక్రవర్తి పుస్తకంలో మిగిలింది ఒక్క వాక్యం. మన తాతల దగ్గర అంతకంటే ఎక్కువే ఉంది, వాళ్ళు ఉండగానే అడిగితే.